కిజ్జాకు ముందు పుట్టిందెవరు

తన చేతుల మీదుగా వెళ్లిన పిల్లవాడు తప్పిపోవడమంటే చేప నీళ్లలో మునిగి చావడమేనని తెబందెకె అందరికీ చెబుతుంటాడు. శనివారం ఉదయం ఆరూ నలభైకి కూడా, చపాతీలమ్మే ఇద్దీ బండి దగ్గర నిలబడి, అదే చెబుతున్నాడు.

"పదకొండేళ్లు. నాలుగు వందల పన్నెండు మంది పిల్లలు. ఒక్కొక్కళ్లకీ ఒక నీడ వెతికి, కూర్చోబెట్టి, ఆర్నెల్లకోసారి వెళ్లి చూసొస్తున్నదెవరు?"

"తమరే," అన్నాడు ఇద్దీ, పెనం మీద గుడ్డు తిప్పుతూ.

"నా సంతకం పడిందంటే ఆ పిల్లాడి ఊరెళ్లి, వాళ్ల పొయ్యిలో బూడిదెంతుందో కూడా చూసొచ్చినట్టే. నా పిల్లల్లో ఒక్కడు తప్పిపోయాడని ఎవడైనా అంటే ఆ రోజే నీ చపాతీలు మానేస్తాను."

తెబందెకె బుకాసేరా జిల్లాకి పిల్లల సంక్షేమ అధికారి. సొంత ఇంట్లో పెరిగే దారి లేని పిల్లల్ని ఎక్కడుంచాలో, ఎన్నాళ్లుంచాలో తేల్చేది ఆయనే. కోర్టుకి నివేదిక రాసేదీ ఆయనే. పైగా జిల్లాలో తనంత డిటెక్టివ్ లేడని ఆయన అభిప్రాయం. ఆ అభిప్రాయం జిల్లా మొత్తమ్మీద ఆయనొక్కడికే ఉంది కాబట్టి దాని మీద తగాదా ఎప్పుడూ రాలేదు.

"అన్నట్టు మీ ఆఫీసు బెంచీ మీద కూర్చునే నాలొంగో మొన్న గురువారం కూడా వచ్చింది," అన్నాడు ఇద్దీ. "పొద్దున్నుంచి సాయంత్రం దాకా. ఒళ్లో గుడ్డ మూట, అందులో ఉడకేసిన చిలగడదుంపలు. తినమ్మా అంటే తను తినడానికి కాదంది."

కవలల్ని కన్న ఆడదానికి మా వైపు ఇక వేరే పేరుండదు. ఊరు ఊరంతా నాలొంగో అనే పిలుస్తుంది.

"ఎనిమిది గురువారాల నుంచీ వస్తోంది. ఏదో అర్జీ. వచ్చే గురువారం చూస్తాను," అన్నాడు తెబందెకె.

ఫోను మోగింది. 'తొలిపొద్దు' పిల్లల ఇంటిని నడిపే పెద్దమ్మ నమతోవు.

"అయ్యా, కిజ్జా మంచం మీద లేడు."

తెబందెకె చెవిలో ఫోను అలాగే పెట్టుకుని నిలబడిపోయాడు. ఇద్దీ ఆయన చేతిలోని చపాతీని సుతారంగా వెనక్కి తీసుకున్నాడు.

"మానేస్తానన్నారుగా," అన్నాడు.

*

మోటారుసైకిలు టాక్సీ ఆయన్ని ఆరూ యాభై ఎనిమిదికి 'తొలిపొద్దు' గేటు ముందు దింపింది. దారి పొడుగునా ఆయన బుర్రలో ఒకటే లెక్క తిరుగుతోంది. కిజ్జాకి ఆరేళ్లు. సోమవారం తొమ్మిదింటికి వాడు కోర్టులో ఉండాలి. రాజధానిలో ఏడాదిగా ఉంటున్న విదేశీ దంపతులకి జడ్జిగారు వాణ్ని అప్పగిస్తారు. మంగళవారం విమానం. తల్లి లేదు, తోడబుట్టినవాళ్లు లేరు, బంధువులు లేరు అని నివేదిక రాసింది తెబందెకె. పిల్లాడే లేకపోతే నాలుగు వందల పన్నెండు అనే అంకె ఇక నోట్లోంచి రాదు.

వరండాలో కుర్చీ వేసుకుని ఒకామె టీ తాగుతోంది. ఇన్‌స్పెక్టర్ అకిరోర్. తూర్పు జిల్లాల మనిషి, మూడేళ్ల కిందట బదిలీ మీద వచ్చింది. ఆమెకీ తెబందెకెకీ పోయినేడాది స్కూలు మేక దగ్గర చెడింది. మేక పోయిందని తెబందెకె ముగ్గురు టీచర్లని అనుమానించాడు. నాలుగో రోజు మేక తనంతట తనే వచ్చేసింది. అకిరోర్ దాని వాంగ్మూలం తీసుకున్నానని ఊరంతా చెప్పింది.

"వెతకడానికి మనుషుల్ని పంపారా?" అన్నాడు తెబందెకె.

"లేదు సార్."

"కుక్కల్ని?"

"లేదు సార్."

"మరి మీరు చేస్తున్నదేంటి మేడమ్?"

"టీ తాగుతున్నా. మీకోసం చూస్తున్నా. డిటెక్టివ్ మీరుండగా నేను మొదలుపెడితే బావుండదని."

తెబందెకెకి అది మర్యాదలాగే వినిపించింది. చొక్కా చేతులు మడిచాడు.

ముందు నమతోవుని నిలబెట్టాడు. లావుపాటి మనిషి, పొద్దుటి నుంచీ ఏడుస్తోంది.

"దీపాలెప్పుడు ఆర్పారు?"

"ఎనిమిదికి అయ్యా. పద్నాలుగు తలకాయలు లెక్కపెట్టాను."

"పొద్దున?"

"ఐదింటికి గంట కొట్టాక పదమూడు."

"మధ్యలో?"

"రెండింటికి వాన పట్టుకుంది. నాలుగూ పదికి ఆగింది. అయ్యా, మా బోర్డువాళ్లు పదింటిలోపు కిడ్నాప్ కేసు పెట్టమంటున్నారు."

కాపలావాడు కవుమా మెళ్లో తాళంచెవి చూపించాడు. గేటు తియ్యలేదన్నాడు. నిద్రపోయావా అంటే వాన చూస్తున్నానన్నాడు. కళ్లు మూసుకుని చూశావా అని అకిరోర్ అడిగింది.

పిల్లల గదిలో కిజ్జా మంచం కిటికీ పక్కన. దుప్పటి నాలుగు మడతలు పెట్టి ఉంది. సోమవారం కోసం ఆ దంపతులు పంపిన తెల్ల బూట్లు పెట్టెలోనే ఉన్నాయి. కొత్త చొక్కా గుండీ కూడా విప్పలేదు. పైన ఒక ప్లాస్టిక్ విమానం.

"దుప్పటి మడతపెట్టాడంటే దొంగ సైన్యంలో పనిచేసినవాడు. బూట్లు వదిలేశాడంటే డబ్బున్నవాడు," అన్నాడు తెబందెకె. "ఆరడుగుల పైన ఉంటాడు. ఎడమచేతి వాటం."

అకిరోర్ పుస్తకం తీసి, నాలుకతో పెన్సిలు తడిపి, శ్రద్ధగా రాసుకుంది. "మీసం?"

"సన్నది."

మీసం కూడా రాసుకుంది.

మరుగుదొడ్ల వెనక ముళ్లకంచెలో ఒక కంత. వాన వెలిసిన బురదలో పాదాల గుర్తులు అచ్చు పోసినట్టున్నాయి. అన్నీ ఉత్త కాళ్లే. లోపలికి రెండు వరసలు, బయటికి మూడు.

తెబందెకె మోకాళ్ల మీద కూర్చున్నాడు. "ఒకడే. లోపలికొచ్చాడు. ఏదో మర్చిపోయి మళ్లీ వచ్చాడు."

"బయటికెళ్లకుండానే మళ్లీ లోపలికొచ్చాడా?"

తెబందెకె దాని గురించి ఆలోచించాడు.

అకిరోర్ వంగి గుర్తు పక్కన జాన పరిచింది. పాదం జానెడు కూడా లేదు. పక్క వరస మీద పరిచింది. అదీ అంతే, వెంట్రుకవాసి తేడా లేదు. బయటికెళ్లిన మూడో వరస ఇంకా చిన్నది. అది ఆ రెండింటికీ మధ్యలో నడిచింది.

"ఆరడుగులన్నారు," అంది.

అంతలో ఆయన కంటపడ్డాయి, కంచె అవతల మూడు చోట్ల, చిలగడదుంప తొక్కలు. గోళ్లతో ఒలిచినవి. పరిగెత్తేవాళ్లు పారేసినట్టు లేవు. ఆగి, ఒలిచి, ఎవరి నోట్లోనో పెట్టినట్టున్నాయి.

"ఎత్తుకుపోయే పిల్లాడికి దుంప ఒలిచి పెట్టే దొంగని నేనింతవరకూ చూళ్లేదు," అంది అకిరోర్ మెల్లిగా. "మీరు చూశారా సార్?"

దుంపల మాట ఈ పొద్దున ఇంకెక్కడో విన్నట్టు తెబందెకెకి అనిపించింది.

*

ఏడూ నలభై. నమతోవు ఆఫీసు గది. గోడకానుకుని ఇనుప బీరువా, బల్ల మీద కిజ్జా ఫైలు.

"కేసు పెడితే పిల్లాణ్ని తీసుకెళ్లినవాళ్లని ఇవాళే లోపలెయ్యాలి," అంది అకిరోర్. "కాబట్టి ముందు మీ సాక్ష్యం రాసుకుంటాను. ఈ నివేదిక మీదేనా?"

"అక్షరం అక్షరం నాదే."

"మార్చి పద్నాలుగు, ఉదయం పదిన్నరకి పిల్లాడి ఊరు కిటోంబే వెళ్లి విచారించానని రాశారు."

"వెళ్లాను."

"ఎలా వెళ్లారు?"

"మోటారుసైకిలు మీద. ఏం దారి మేడమ్ అది. ఎర్ర దుమ్ము. చొక్కా మూడుసార్లు ఉతికినా నీళ్లు టమాటా పులుసులా వచ్చాయి. ఊరి మొదట్లో కుక్క వెంటబడింది. ఆవుదూడంత ఉంది. ఇల్లు కూలిపోయుంది. ఊరిపెద్ద కాఫీ గింజలు పెట్టాడు. ఈ పిల్లాడికి ఈ భూమ్మీద ఎవరూ లేరయ్యా అని కళ్లు తుడుచుకున్నాడు."

"ఏ కన్ను ముందు?"

"కుడిది."

అకిరోర్ అంతా రాసుకుంది, కుక్కతో సహా. తర్వాత పెన్సిలు పక్కన పెట్టింది.

"సార్, మీరు గండా తెగ మనిషేగా?"

"మా తాత ముత్తాతల నుంచీ."

"నేను తూర్పు దాన్ని. నాకు మీ పద్ధతులు సరిగ్గా తెలీవు, ఒకటి చెప్పండి. మా వైపు కవలలు పుట్టాక, వాళ్ల తర్వాత కడుపున పడ్డవాడు ఒకెల్లో. ఆడపిల్లైతే అకెల్లో. పుట్టకముందే పేరు ఖాయం. మీ వైపు ఏమంటారు?"

"కిజ్జా," అన్నాడు తెబందెకె.

ఎక్కాలు అప్పజెప్పే పిల్లాడి నోటి నుంచి వచ్చినట్టు వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకునే వీల్లేకపోయింది. గదిలో నమతోవు ఏడుపు ఆగిపోయింది.

అకిరోర్ ఫైలు ఆయన వైపు తిప్పింది. "చదవండి."

"పేరు కిజ్జా. తల్లికి ఒక్కడే..." తెబందెకె ఆ ముక్క మీద వేలు పెట్టి మళ్లీ చదివాడు. "తల్లికి ఒక్కడే సంతానం."

"గండా మనిషి ఎవడైనా ఈ ముక్క దగ్గర ఆగి నవ్వుతాడు. సంతలో కూరలమ్మే ఆవిడ కూడా ఆగుతుంది. మీరు కింద సంతకం పెట్టారు."

"తాత పేరు పెట్టుకుని ఉండొచ్చు. అలా పెడతారు."

"పెడతారు. మీరడిగారా?"

ఆయన కళ్ల ముందు బురదలోని రెండు వరసలు తిరుగుతున్నాయి. వెంట్రుకవాసి తేడా లేని పాదాలు.

"కవలలు ఆడపిల్లలైతే మీరు పెట్టే పేర్లు?"

"పెద్దది బాబిర్యె," అన్నాడు. తర్వాత, "చిన్నది నకాటో."

అంటుండగానే గుర్తొచ్చింది. పోయిన ఆగస్టు. లోయకి అవతల ఆడపిల్లల ఇల్లు. పదేళ్ల వాళ్లిద్దరు, ఒకేలాంటి గౌన్లు, ఒకేలాంటి మొహాలు. 'అక్కాచెల్లెళ్లు ఇద్దరే, వేరే తోబుట్టువులు లేరు.' ఆ కాగితం కూడా ఆయన చేతుల మీదుగానే వెళ్లింది. అదే వారం. కిజ్జా ఇక్కడికొచ్చిన వారమే.

"ముగ్గుర్నీ తెచ్చింది ఒకేరోజు," అంది నమతోవు, ఎవర్నీ చూడకుండా. "తల్లికి ఊపిరితిత్తుల జబ్బు. ఆసుపత్రిలో చేర్చుకుంటూ, నేను లేచేదాకా చూడమని అప్పజెప్పింది. ఆడపిల్లల్ని అటు, వీణ్ని ఇటు పంపింది తమరే అయ్యా. ఆర్నెల్లకి ఆమె సంగతి కనుక్కుని మళ్లీ చూద్దామన్నారు."

"మరి తల్లి చనిపోయినట్టు రాసిందెవరు?" అంది అకిరోర్.

"నేనే. ఆర్నెల్ల కాగితం మీద తల్లి గురించి గడి ఉంటుంది. 'ఆసుపత్రిలో ఉంది, ఎప్పుడొస్తుందో తెలియదు' అని రాయబోతే పట్టలేదు. అడిగితే అయ్యగారు..."

"ఏమన్నారు?"

నమతోవు తెబందెకె వైపు చూసింది. "గడి చిన్నది, 'లేదు' అని రాసెయ్, సరిపోతుంది అన్నారు."

అది తను అన్నట్టు తెబందెకెకి గుర్తులేదు. అనలేదనీ చెప్పలేకపోయాడు. ఆ రోజు టీ చాలా బావుందని మాత్రం గుర్తుంది.

"ఇప్పుడా తల్లి ఎక్కడుంది?" అన్నాడు.

"మీకే బాగా తెలియాలి," అంది అకిరోర్. "ఏప్రిల్లో ఆసుపత్రి నుంచి పంపించారు. అప్పటి నుంచీ మీ దగ్గరికే వస్తోంది. ప్రతి గురువారం."

ఎనిమిది గురువారాలు. ఆయన ఆ బెంచీ పక్కనుంచే లోపలికెళ్లేవాడు. 'ఎలా ఉన్నావు నాలొంగో' అని కూడా పలకరించేవాడు. మర్యాద తెలిసినవాడు కాబట్టి. ఆ కవలలేరీ అని ఒక్కసారీ అడగలేదు.

"పోయిన బుధవారం స్కూలు గేటు దగ్గర కూతుళ్లు కనబడ్డారట," అంది అకిరోర్. "తమ్ముడు సోమవారం విమానం ఎక్కించే వాళ్ల దగ్గరికెళ్తాడని వాళ్లు చెప్పారు. గురువారం ఆ మాట చెప్పడానికి మీ దగ్గరికొచ్చింది. వచ్చే గురువారం రమ్మన్నారు. ఇక్కడికొస్తే మీ ఉత్తరం తెమ్మన్నారు. దాంతో ఇవాళ తెల్లారుజామున అక్కలిద్దరూ కంచె దూరి తమ్ముణ్ని లేపారు. దుప్పటి మడత పెట్టింది పెద్దది. ఇంకొకరి దుప్పటి కదా, అలా వదిలెయ్యకూడదంది."

"ఇవన్నీ మీకెలా తెలుసు?"

"పిల్లాడు తప్పిపోలేదు సార్. ఐదూ యాభై నుంచీ మా స్టేషన్లో ఉన్నాడు. రెండు దుంపలు తిన్నాడు, మూడోది సగంలో నిద్రపోయాడు. వాళ్లమ్మే ముగ్గుర్నీ వెంటబెట్టుకుని వచ్చింది. 'నా పిల్లల్ని నేనే దొంగిలించాను, రాసుకోండమ్మా' అంది."

"మరి పొద్దుటి నుంచీ మీరు వెతుకుతున్నది?"

"మార్చి పద్నాలుగున కిటోంబే వెళ్లిన ఆఫీసర్ని. ఆయన ఆచూకీ మాత్రం దొరకడం లేదు."

"వెళ్లాను మేడమ్. ఆ దుమ్ము, ఆ కుక్క..."

"కిటోంబే సరస్సు మధ్యలో ఉంది," అంది అకిరోర్. "లంక. పడవలో మూడు గంటలు. మోటారుసైకిలు మీద వెళ్లిన మొదటి మనిషి మీరే అయ్యుంటారు."

ఆ మాటకి కవుమా గుమ్మం దగ్గర నవ్వబోయి ఆపుకున్నాడు. ఇంకెవరూ నవ్వలేదు.

ఆమె గడియారం చూసుకుంది. ఎనిమిదీ పది.

"వినండి. ఈ కాగితం ప్రకారం ఆ తల్లి చచ్చిపోయింది. చచ్చిపోయినామె మా బెంచీ మీద కూర్చుంది కాబట్టి ఆమె ఎవరో దొంగ. పదింటికి కేసు పడగానే ఆమెని లోపలేసి పిల్లాణ్ని ఇక్కడికి పంపాలి. సోమవారం జడ్జిగారు చూసేది కాగితాన్నే. ఈ కాగితం అబద్ధమని చెప్పగలిగేది ఒక్కరే. ఆయన చెబితే ఆయన ఉద్యోగం పోతుంది. బహుశా ఆయనే లోపలికెళ్తాడు. చెప్పకపోతే ఆమె వెళ్తుంది. నేను బలవంతపెట్టను. మేకని కూడా పెట్టలేదు."

తెబందెకెకి సాకులు చాలానే వచ్చు. వరసగా మూడు గుర్తొచ్చాయి, మూడూ మంచివే. ఒకదాంట్లో తుఫాను కూడా ఉంది.

"ఆమె నా గురించి ఏమైనా అందా?" అని అడిగాడు.

"అంది. ఇవాళ శనివారం కదమ్మా, ఆఫీసరుగారికి ఇబ్బంది కాదూ, గురువారం దాకా ఆగుతాం, అంది."

తెబందెకె కుర్చీ బల్ల దగ్గరికి లాక్కున్నాడు. ఆయన చెయ్యి పెన్సిలు కోసం తడుముకుంటుంటే అకిరోర్ తనది అందించింది.

"నేను కిటోంబే వెళ్లలేదు," అన్నాడు. చెబుతూనే రాశాడు. "ఊరిపెద్దని చూడలేదు. కుక్క లేదు. మార్చి పద్నాలుగున ఈ గదిలోనే, ఈ కుర్చీలోనే కూర్చున్నాను. నమతోవు టీ ఇచ్చింది. నలభై నిమిషాల్లో పందొమ్మిది ఫైళ్ల మీద సంతకాలు పెట్టాను. కిజ్జా అన్న పేరు చదివి ఉంటే ఆగేవాణ్ని. చదవలేదు. ఆ పిల్లాడి తల్లి బతికే ఉంది. నాకు తెలిసినామే."

కింద సంతకం పెట్టాడు. ఈసారి పైనున్నది మొత్తం రెండుసార్లు చదివాక పెట్టాడు.

అకిరోర్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని లేచింది. గుమ్మం దాకా వెళ్లి, ఇనుప బీరువా ముందు ఆగింది. తలుపు తీసింది. అరల నిండా ఒకే రంగు ఫైళ్లు.

"పందొమ్మిదన్నారు," అంది. "మిగతావి?"

తెబందెకె బీరువా వైపు చూశాడు. ఇలాంటి బీరువాలు జిల్లాలో ఇంకా తొమ్మిదున్నాయి.

"మొదటి ఏడాది ముప్పై ఒక్కమందిని వెళ్లి చూశాను. నిజంగానే వెళ్లాను. పొయ్యిలో బూడిద కూడా చూశాను. తర్వాత మోటారుసైకిలు పాడైంది. బాగుచేయించమని అర్జీ పెట్టాను. అదింకా ఎవరి బెంచీ మీదో ఉండుంటుంది."

"నాలుగు వందల పన్నెండులో ముప్పై ఒకటి తీసేస్తే?"

ఆయన వేళ్ల మీద మొదలుపెట్టి, వేళ్లు చాలక ఆపేశాడు.

"మూడు వందల ఎనభై ఒకటి," అన్నాడు. "వాళ్లలో ఎంతమంది అమ్మలు బతికున్నారో నాకు తెలియదు మేడమ్."

నాకు తెలియదు అన్న మాట తెబందెకె నోట ఆ జిల్లా వినడం అదే మొదటిసారి. అకిరోర్ దాన్ని కూడా రాసుకుంది.